పొట్ట మీద సంచి, పక్కన షుగరూ బీపీ: ఒకదాని పథ్యం ఇంకోదానికి అడ్డొస్తే

చిన్నపేగుకు స్టోమా (మలం బయటికి రావడానికి పేగును పొట్ట మీదికి తెచ్చి చేసిన నోరు) పెట్టించుకుని ఇంటికెళ్లినవాళ్లు మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కడానికి పెద్ద కారణం సంచి ఊడిపోవడమూ కాదు, కుట్లు పగలడమూ కాదు. ఒంట్లో నీళ్లు, ఉప్పు కరువవడం. అదీ చాలాసార్లు నిర్లక్ష్యం వల్ల రాదు, చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించడం వల్లే వస్తుంది. బీపీ ఉంది కదా అని ఉప్పు తగ్గిస్తారు. షుగర్ ఉంది కదా అని ఓఆర్‌ఎస్ జోలికి పోరు. దాహంగా ఉంది కదా అని చెంబులకు చెంబులు మంచినీళ్లు తాగుతారు. స్టోమా లేని మనిషి విషయంలో వీటిని పెద్దగా తప్పుపట్టలేం. ఇలియాస్టమీ, అంటే చిన్నపేగు స్టోమా, ఉన్న మనిషిలో మాత్రం మూడూ కలిసి కిడ్నీల మీదికి తెస్తాయి.

ఇలాంటివాళ్లకు అందరూ ముందు చెప్పేది ధైర్యం. ధైర్యం కావాల్సిందే. కానీ సంచి రోజుకు రెండుసార్లు కారిపోతుంటే ఎవరి ధైర్యమైనా వారం దాటదు. అందుకే ఇక్కడ ముందు పేగు లెక్క, తర్వాత సంచి అతుకు, ఆ తర్వాతే మనసు సంగతి.

ఏ పేగుకు పెట్టారు?

"సంచి పెట్టారు" అని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఏ పేగుకు పెట్టారంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. సలహాలన్నీ చీలిపోయేది అక్కడే. పెద్దపేగు చివరి భాగంతో చేసింది కొలాస్టమీ. సాధారణంగా పొట్టకు ఎడమపక్క ఉంటుంది. నీళ్లు అప్పటికే పేగు పీల్చేసుకుని ఉంటుంది కాబట్టి మలం ముద్దగానో గట్టిగానో వస్తుంది. చిన్నపేగు చివరితో చేసింది ఇలియాస్టమీ. ఇది ఎక్కువగా కుడిపక్క ఉంటుంది, రోజంతా జావలా వస్తూనే ఉంటుంది. మూత్రం బయటికి వచ్చేలా చేసింది యూరాస్టమీ. దాని సంచిలో తెల్లటి జిగురు తీగలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. మూత్రానికి దారిగా వాడిన పేగు ముక్క తన సహజ గుణం ప్రకారం ఊరించే జిగురు అది.

పేగు క్యాన్సర్, పేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బులు స్టోమాకు కారణాలని చదువుతుంటాం. మన దగ్గర టైఫాయిడ్ వల్లో పేగు టీబీ వల్లో చిన్నపేగుకు చిల్లుపడి, అర్ధరాత్రి అత్యవసరంగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ముందుగా చెప్పే వ్యవధీ ఉండదు, పొట్ట మీద చోటు గుర్తుపెట్టే తీరికా ఉండదు.

ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్ అయితే ఆ గుర్తు పెట్టించుకోవడం రోగి హక్కు. పడుకోబెట్టి పెన్నుతో చుక్క పెడితే సరిపోదు. కూర్చోబెట్టి, నిలబెట్టి, బాసింపట్టు వేయించి, గొంతుక్కూర్చోబెట్టి కూడా చూడాలి. చీరకట్టే ఆవిడకు లంగా బొందు పడేచోట, పంచె కట్టే ఆయనకు ముడి పడేచోట, పొట్ట ముడత పడేచోట స్టోమా వస్తే జీవితాంతం సంచి కారుతుంది. రోగి తల వంచితే తన కంటికి కనిపించే చోటు కావాలి. లేకపోతే సంచి మార్చడానికి ఎప్పటికీ ఇంకొకరి చెయ్యే దిక్కు.

డిశ్చార్జి రోజున సర్జన్‌ని అడిగి కాగితం మీద రాయించుకోవాల్సినవి ఇవి: ఏ పేగు, ఒక్క నోరున్న ఎండ్ స్టోమానా లేక రెండు నోళ్లున్న లూప్ స్టోమానా, ఎంత పేగు తీశారు, ఎంత మిగిలింది, మళ్లీ లోపల కలిపే ఆలోచన ఉందా. చిన్నపేగు చివరి 60 సెంటీమీటర్లకు మించి తీసేస్తే తిండిలోని బీ12 ఒంటికి పట్టదు, ఇంజెక్షన్లు కావాలి. ఒంట్లో నిల్వ ఉంటుంది కాబట్టి ఆ లోటు వెంటనే తెలియదు. తీరా అరికాళ్లు తిమ్మిరెక్కే నాటికి షుగర్ వల్లే అనుకుని ఊరుకుంటారు.

నీళ్లు తాగుతున్నా దాహం ఎందుకు తీరదు?

కుదురుకున్న ఇలియాస్టమీలో రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్లు వస్తుంది. ఒక్కోసారి లీటరు దాకా పోతుంది. 24 గంటల్లో లీటరున్నర దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 2 లీటర్లు దాటితే ఫోన్‌తో ఆగకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి. అలా వచ్చే ప్రతి లీటరుతో పాటు సుమారు 6 గ్రాముల ఉప్పుకు సమానమైన సోడియం బయటికి పోతుంది. రోజంతా 5 గ్రాములకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట బీపీ ఉన్నవాళ్లందరూ వినే ఉంటారు. అంత ఉప్పూ ఒక్క లీటరులోనే పోతోందన్నమాట.

ఇప్పుడు దాహం సంగతి. చిన్నపేగు పైభాగపు గోడ ఉప్పునీ నీళ్లనీ రెండు వైపులా పోనిస్తుంది. ఉప్పు లేని నీళ్లు అక్కడికి చేరితే రక్తంలోని సోడియం పేగులోకి జారుతుంది. సోడియం వెంట నీరూ వస్తుంది. పెద్దపేగు ఉన్న మనిషిలో అది దాన్ని తిరిగి పట్టుకుంటుంది. ఇలియాస్టమీలో పట్టుకునేవాళ్లెవరూ లేరు, సంచిలోకి పోతుంది. కాబట్టి సంచి ఎక్కువగా నిండుతున్నప్పుడు మంచినీళ్లు ఎంత ఎక్కువ తాగితే సంచి అంత ఎక్కువ నిండుతుంది. కాఫీ, టీ, పళ్లరసాలు, ఉప్పులేని పల్చటి మజ్జిగ అన్నీ ఇదే లెక్క. అటువంటి రోజుల్లో ఇవన్నీ కలిపి 500 మిల్లీలీటర్ల నుంచి లీటరు లోపే ఉంచి, మిగతా దాహం ఉప్పూ గ్లూకోజూ కలిసిన ద్రావణంతో తీర్చుకోమంటారు.

గ్లూకోజ్ ఎందుకంటే, సోడియాన్ని పేగు గోడ దాటించే ఒక రవాణా మార్గం గ్లూకోజ్ తోడుంటేనే పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. సంచి మరీ ఎక్కువగా నిండేవాళ్లకు లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రి పేరుతో వాడుకలో ఉన్న మిశ్రమంలో సోడియం ఇంకాస్త ఎక్కువ. లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజ్ పొడి, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. చెంచా కొలత ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మొదటిసారైనా చిన్న డిజిటల్ తూకం వాడాలి. రుచి బాగోదు. ఫ్రిజ్‌లో చల్లబరిచి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుకుని, రోజంతా గుక్క గుక్కగా తాగితే దిగుతుంది. గటగటా తాగేస్తే అదీ సంచిలోకే పోతుంది.

మందుల షాపులో అట్టడబ్బాల్లో చల్లగా దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ. ఇలియాస్టమీలో అవి పరిస్థితిని దిగజారుస్తాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ వీటి మీద చాన్నాళ్లు పోరాడాక, అసలు ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పొడి ప్యాకెట్టు కొనండి. అది లీటరుకు సరిపోయేదా, 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్నదా అన్నది వెనకవైపు చూడండి. చిన్న ప్యాకెట్టు లీటరులో కలిపి "తాగుతూనే ఉన్నాం, తగ్గట్లేదు" అనేవాళ్లు ఎక్కువ.

కొబ్బరినీళ్ల మీద మనకున్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. నీరు కరువై కిడ్నీ నెమ్మదించిన రోజున పొటాషియం బయటికి పోయే దారి ఇంకా మూసుకుంటుంది. ఆ రోజునే ఇంట్లోవాళ్లు ప్రేమగా నాలుగు బోండాలు కొట్టించి తాగిస్తారు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

షుగర్, బీపీ మాత్రల సంగతి

ఓఆర్‌ఎస్ లీటరులో ఉండే 13.5 గ్రాముల గ్లూకోజ్ ఒక కప్పు అన్నంలోని పిండిపదార్థంలో సుమారు మూడోవంతు. రోజంతా కొద్దికొద్దిగా తాగేది కాబట్టి షుగర్ ఉన్నా మానక్కర్లేదు. గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ, అవసరమైతే అన్నం కాస్త తగ్గించుకోవచ్చు. గ్లూకోజ్ తీసేసి ఉప్పునీళ్లు మాత్రం తాగుదామనుకుంటే అసలు ప్రయోజనమే పోతుంది.

మాత్రల్లో నాలుగు రకాలున్నాయి, సంచి ఎక్కువగా నిండే రోజున వాటిని వేసుకోవాలా ఆపాలా అన్నది డాక్టర్‌ని ముందుగానే, బాగున్న రోజునే అడిగి రాయించుకోవాలి. ఒకటి ఫ్రూసెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మూత్రం ఎక్కువ పోయించేవి. బీపీ కాంబినేషన్ మాత్రల్లో ఇది ఒక భాగంగా దాగి ఉంటుంది, పేరు చివర 'హెచ్' అని ఉండొచ్చు. రెండోది పైన చెప్పిన టెల్మిసార్టాన్, రామిప్రిల్ కుటుంబాలు. మూడోది మెట్‌ఫార్మిన్: అదే కొందరిలో విరేచనాలు పెంచుతుంది, కిడ్నీ దెబ్బతిన్నప్పుడు రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకునే ప్రమాదమూ ఉంది. నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్: చక్కెరను మూత్రంలోకి నెడుతూ నీటినీ లాగుతాయి. తిండి తగ్గిన రోజుల్లో రక్తంలో ఆమ్లం పేరుకునే కీటోఅసిడోసిస్‌కు దారితీయగలవు, అదీ గ్లూకోమీటర్‌లో అంకె పెద్దగా పెరగకుండానే. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. మోతాదు మార్చాలి తప్ప ఆపేది కాదు. నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఈ రోజుల్లో కిడ్నీకి మరో దెబ్బ.

గుండె బలహీనత ఉండి నీళ్లు కొలిచి తాగాల్సినవాళ్లకు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు పై ఉప్పు లెక్క నేరుగా పనికిరాదు. వాళ్లకు సర్జన్, గుండె డాక్టర్ లేదా కిడ్నీ డాక్టర్ కలిసి ఒకే అంకె చెప్పాలి. మూత్రంలో సోడియం పరీక్ష అందుకు మంచి ఆధారం. లీటరుకు 20 మిల్లీమోల్స్ కంటే తక్కువుంటే ఒంట్లో ఉప్పు అయిపోయినట్టే. మూత్రం పోయించే మాత్ర వేసుకుంటున్నవాళ్లలో మాత్రం ఆ అంకెను నమ్మలేం.

ఇంట్లో చూసుకోవడానికి ఒక కొలత జగ్గు, ఒక నోటు పుస్తకం, ఒక బరువు మిషను చాలు. సంచి ఖాళీ చేసిన ప్రతిసారీ కొలిచి రాయాలి. రోజులో ఒంటికి పోసిన మూత్రం కనీసం లీటరు ఉండాలి. పొద్దున్న లేచి మూత్రానికి వెళ్లొచ్చాక చూసిన బరువు ముందురోజు కంటే కిలో తగ్గితే అది కొవ్వు కరగడం కాదు, లీటరు నీళ్లు పోవడం. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, మూత్రం ముదురు పసుపుగా మారడం దాని వెంటే వస్తాయి.

ఇంకో చిక్కు: నిదానంగా కరిగే మాత్రలు, పైపూత ఉన్న మాత్రలు ఇలియాస్టమీలో కరగకుండానే సంచిలోకి వచ్చేస్తాయి. "మందు వాడుతున్నా షుగర్ దిగట్లేదు" అనుకునేముందు సంచిలో చూడాలి. మాత్ర పెంకు కనిపిస్తే మామూలుగా కరిగే రకానికో ద్రవ రూపానికో మార్పించుకోవాలి. వాటిని సొంతంగా నూరి మింగడం ప్రమాదం, పన్నెండు గంటల మోతాదు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ రాసిస్తే తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, తిన్న తర్వాత కాదు. కొలనోస్కోపీకి ముందు అందరికీ ఇచ్చే పేగు శుభ్రం చేసే మందును ఇలియాస్టమీ ఉందని చెప్పకుండా తాగకూడదు.

అడ్డుపడితే

ఇలియాస్టమీ నాలుగు నుంచి ఆరు గంటలు పూర్తిగా ఆగిపోయి, పొట్ట మెలిపెడుతుంటే తిన్నది అడ్డుపడి ఉండొచ్చు. ఒక్కోసారి ఆగేముందు కంపుగా నీళ్లలా వస్తుంది. దాన్ని విరేచనాలనుకుని లోపెరమైడ్ వేస్తే మరింత బిగుసుకుంటుంది. మునక్కాడ పిప్పి, మొక్కజొన్న, పచ్చి కొబ్బరి, పుట్టగొడుగులు, వేరుశనగలు, బత్తాయి తొనల పైపొర, గోంగూర కాడలు మామూలు దోషులు. వీటిని జన్మంతా వదులుకోవాలని కాదు. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు వదిలేసి, తర్వాత ఒక్కోసారి ఒక్కటే, కొంచెంగా, బాగా నమిలి తిని చూడాలి.

అడ్డుపడ్డప్పుడు గట్టి తిండి ఆపి, వేడిగా పల్చటి చారు లాంటిది తాగి, మోకాళ్లు పొట్టకు ముడిచి పడుకుని, స్టోమా చుట్టూ మెల్లగా రుద్దాలి. స్టోమా ఉబ్బుతుంది కాబట్టి ప్లేటు (సంచిని చర్మానికి అతికించే జిగురు పలక) తీసి రంధ్రం పెద్దగా కత్తిరించిన కొత్తది వేయాలి. వాంతులు మొదలైతే తాగడమూ ఆపి ఆస్పత్రికి బయల్దేరాలి. విరేచనం అయ్యేందుకు వాడే మందు ససేమిరా వద్దు.

కొలాస్టమీలో బెడద దీనికి తలకిందులు. ట్రామడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు మలాన్ని రాయి చేస్తాయి. అక్కడ నీళ్లు, పీచు, నడక పాత పద్ధతిలోనే పనిచేస్తాయి. ఇలియాస్టమీ వాళ్ల పథ్యం చదివి కొలాస్టమీ వాళ్లు ఆకుకూరలు మానేయడం అనవసరపు శిక్ష.

సంచి ఎందుకు కారుతుంది

ఇలియాస్టమీ ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి, అవి చర్మాన్నీ అరిగిస్తాయి. 1952లో బ్రిటిష్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ పేగు చివరను బయటికి మడిచి ముక్కులా నిలబెట్టే పద్ధతి ప్రచురించింది ఇందుకే, ద్రవం చర్మం మీద కాక నేరుగా సంచిలో పడాలని. ఆ ముక్కు లోపలికి కుంగినవాళ్లకు చదును ప్లేటు నిలవదు, లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండే కన్వెక్స్ ప్లేటు, నడుముకు బెల్టు కావాలి.

మార్చడానికి మంచి వేళ పొద్దున్న, కాఫీ కూడా తాగకముందు. కొత్త సంచి కత్తిరించి పక్కన పెట్టుకున్నాకే పాతది తీయాలి. ఒక చేత్తో చర్మాన్ని కిందికి నొక్కుతూ, పై అంచు నుంచి తడిగుడ్డతో విడిపించాలి, లాగకూడదు. తీసిన ప్లేటును పారేయకుండా వెనక్కి తిప్పి చూడాలి. జిగురు ఎటువైపు కరిగి తెల్లగా ఉబ్బిందో కారుడు అటువైపే మొదలైంది. ప్రతిసారీ ఒకేవైపు కరుగుతుంటే అక్కడ చర్మంలో గుంటో ముడతో ఉంటుంది. దాన్ని పేస్టుతోనో బ్యారియర్ రింగుతోనో పూడ్చాలి. పైనుంచి ప్లాస్టర్లు అంటించడం వల్ల కారేది ఆగదు, కారుతున్నట్టు కనిపించదంతే.

చర్మం కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు. డెటాల్, స్పిరిట్, కొబ్బరినూనె, టాల్కం పౌడర్ వద్దు. నూనె మిగిలితే జిగురు పట్టదు, మందుద్రావణాలు చర్మాన్ని మండిస్తాయి. తుడిచేటప్పుడు స్టోమా నుంచి ఒకటి రెండు రక్తపు చుక్కలు రావడం మామూలే. ఎర్రగా తడిగా ఉండాల్సిన స్టోమా ఊదాగానో నల్లగానో మారితే అది అత్యవసరం. ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి, కొలిచి, స్టోమా కంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెద్దగా రంధ్రం కత్తిరించాలి. అంతకన్నా చిన్నదైతే స్టోమాను కోస్తుంది, పెద్దదైతే మధ్యలో మిగిలిన చర్మం పుండవుతుంది. ప్లేటును అరచేతుల మధ్య వెచ్చబరిచి అంటించి, రెండు నిమిషాలు అరచెయ్యి అదిమి ఉంచాలి. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువుకే చాలా సంచులు ఊడతాయి.

ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా స్టోమా కుంచించుకుంటూనే ఉంటుంది. మొదటిరోజు కొలతతో పెట్టెలకొద్దీ సంచులు కొనడం డబ్బు పారబోయడమే. వారానికోసారి కొలవాలి.

రెంటచింతల, రామగుండం ఎండల్లో మూడు రోజులు నిలిచే ప్లేటు రెండు రోజులకే జారుతుంది. ఎండాకాలానికి సంచుల లెక్క పెంచుకోవాలి. స్టాకును కారు డ్యాష్‌బోర్డులో వదలొద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు. చెమట, షుగర్, యాంటీబయాటిక్స్ మూడూ కలిస్తే ప్లేటు కింద ఎర్రటి మచ్చ, దాని చుట్టూ చిన్న చిన్న చుక్కలు, దురద వస్తాయి, అది ఫంగస్. దీనికి డాక్టర్‌ని అడిగి యాంటీఫంగల్ పౌడర్ వాడాలి. ఆయింట్‌మెంట్ రాస్తే ప్లేటు అంటదు.

కీమో, దగ్గు, వేళ్లు

పురీషనాళ క్యాన్సర్‌కు తాత్కాలిక ఇలియాస్టమీ పెట్టి, ఆ తర్వాత కీమో మొదలుపెట్టడం సాధారణం. కీమో మాత్ర కేపసిటబిన్ విరేచనాలు తెస్తుంది, అంటే సంచిలోకి వచ్చేది బాగా పెరగొచ్చు. ఏ అంకె దాటితే మాత్ర ఆపి ఫోన్ చేయాలో మొదటి సైకిల్‌కు ముందే ఆంకాలజిస్టు చేత చెప్పించుకోవాలి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వేళ్లను మొద్దుబారుస్తుంది, షుగర్ ముందే మొద్దుబార్చి ఉంటే ఇంకా కష్టం. క్లిప్పు బిగించలేని చేతులకు మడిచి అతికించే మూతి ఉన్న సంచి, కత్తెర పట్టలేనివాళ్లకు ముందే రంధ్రం చేసిన ప్లేటు దొరుకుతాయి. బరువు నాలుగైదు కిలోలు తగ్గితే పొట్ట మీద కొత్త ముడతలు పుడతాయి. నిన్నటిదాకా నిలిచిన సంచి ఈరోజు కారుతోందంటే కంపెనీని తిట్టేముందు అద్దం ముందు కూర్చుని చూసుకోవాలి.

ఉబ్బసం, పొగతాగేవాళ్ల దగ్గు స్టోమా పక్కన హెర్నియాకు దారి. దగ్గు వచ్చినప్పుడల్లా స్టోమా మీద అరచెయ్యి అదిమి పెట్టాలి. మొదటి రెండు నెలలు 5 కిలోలకు మించి ఎత్తకూడదు, బియ్యం బస్తా అసలే కాదు.

ఇంట్లో

కోలుకునే తీరును ఎక్కువగా మార్చేది ఒక్క విషయం: సంచి ఎవరు మారుస్తున్నారు? భార్యో కూతురో మార్చడం మొదటి వారం ప్రేమ, మూడో నెలకి అది ఇద్దరికీ బందీఖానా. చేతులు ఆడే మనిషి ఆస్పత్రిలో ఉండగానే ఒకసారైనా తానే మార్చి, నర్సు చేత చూపించుకుని బయటపడాలి. నిద్ర, ఆకలి, ఎవరితోనైనా మాట్లాడాలన్న కోరిక వారాలుగా లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికీ వైద్యం ఉంది. పురీషనాళం ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిని మగవాళ్లకు అంగస్తంభన సమస్య రావచ్చు. దీనికీ మందులున్నాయి, అడగనిదే ఎవరూ చెప్పరు. గుడికి వెళ్లొచ్చా, మడికి పనికొస్తామా అన్న ప్రశ్న చాలామందిని లోపల తొలుస్తుంది. సరిగ్గా అతికిన సంచిలో వాసన బయటికి రాదు, స్నానమూ అడ్డు కాదు. దేవుడికి లేని అభ్యంతరం బంధువులకు ఎందుకో వాళ్లనే అడగాలి.

తాత్కాలిక స్టోమాను సాధారణంగా రెండు మూడు నెలల్లో మూసేస్తారు, కీమో ఉంటే అది అయ్యేదాకా ఆగొచ్చు. స్టోమాకు కింద పేగును కలిపి కుట్టిన అతుకు సరిగ్గా మానిందో లేదో ముందు పరీక్ష చేస్తారు. మూశాక మొదటి నెలల్లో రోజుకు పదిసార్లు దొడ్డికి వెళ్లాల్సి రావడం, ఆపుకోలేకపోవడం ఉండొచ్చని తెలిసి ఉండాలి.

ఒక కాగితం తప్పక రాసి పెట్టుకోవాలి. రాత్రివేళ క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టర్‌కు ఈ పొట్ట చరిత్ర తెలియదు. స్టోమా రకం, మిగిలిన పేగు, మామూలుగా రోజుకు ఎంత వస్తుంది, బాగున్నప్పటి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), బరువు, వాడే మాత్రల్లో ఏవి ఆపమన్నారు, పడని మందులు, సర్జన్ ఫోన్ నంబరు ఉండాలి. దాంతోపాటు సంచి కొలత, రకం. ఒక కాపీ పర్సులో, ఇంకోటి ప్రయాణానికి సిద్ధం చేసిన రెండు సంచుల కవర్లో, ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో.